ఎలుగుమామ పెట్టిన రూలు

ఆ ఎండాకాలం అడవిలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. కనుమ అవతల రేచుకుక్కల గుంపు దిగిందని పుకారు. ఆకు రాలినా లేళ్లు ఉలిక్కిపడుతున్నాయి. నీళ్లు మిగిలింది కనుమ దగ్గరే కాబట్టి అడవిదున్నలు తమ పసిదూడలను అక్కడే ఉంచాయి. అదీ అందరి బెంగ.

పులిరాజు కొలువులో రక్షణమంత్రి ఎలుగుబంటి. దానికి ఒకచోట కాలు నిలవదు. కొండకొమ్మున కాపలా ఉండే కొండముచ్చు అరుపు నడికొండ దాకానే వినిపిస్తుంది. ఎలుగు అక్కడ విని, లోయలో దున్నలకు చేరవేయాలి. చేరవేసి ఊరుకుంటుందా? "నేను చెప్పింది మళ్లీ చెప్పు! కొండకొమ్ముకు వినబడేలా రంకెయ్యి!" అని ప్రాణం తీసేది.

నక్కకు ఇదే సందు దొరికింది.

"మహారాజా, చూసేది కొండముచ్చు, పొడిచేది దున్న. మధ్యలో ఈ ఎలుగుమామ ఎందుకండీ? అందరికీ గుండెదడ పుట్టించడానికా?"

"నిజమేనోయ్. ఇన్నేళ్లలో ఒక్క కుక్కా రాలేదు."

"రానివ్వలేదు మహారాజా!" అంది ఎలుగు.

"అదిగో, గొప్పలు!" అంది నక్క.

పులికి చిరాకెత్తింది. ఎలుగును తీసేసి, నక్కను మంత్రిని చేసింది. నక్క వస్తూనే ఆ తిరిగి రంకెవేసే రూలు కొట్టేసింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది! ఆ నక్క అప్పటికే రేచుకుక్కలతో మాట్లాడుకుంది. దూడలు వాటికి, మిగిలిన మాంసం తనకు.

మర్నాడు పొద్దున్నే కొండముచ్చు గొంతు చించుకుంది. "కుక్కలు! కనుమ వైపు వస్తున్నాయి!"

నక్క తీరిగ్గా లోయలోకి దిగింది. "దున్నమామా, కుక్కలు ఎండిన వాగు ఎగువన, పైరేవులో ఉన్నాయి. మందనంతా అటు తోలుకుపో."

"మరి దూడలో?"

"నేను లేనూ? పద పద!"

దున్న నాలుగడుగులు వేసి ఆగింది. గుండెనిండా గాలి పీల్చి రంకె వేసింది. "కుక్కలు పైరేవులో! మంద పైరేవుకి!"

నక్క గతుక్కుమంది. "నోర్ముయ్! ఆ రూలు తీసేశాం కదా!"

"ఏమో అల్లుడూ, అలవాటైపోయింది. అరవందే కాలు కదలదు."

పైనుంచి కొమ్మలు విరుచుకుంటూ కొండముచ్చు దూకుతూ వచ్చింది. "పైరేవని ఎవడ్రా అన్నది? కనుమ! నేను చెప్పింది కనుమరా నాయనా!"

మంద గిర్రున తిరిగింది. కనుమలో దూడలకు అడ్డంగా అప్పటికే ఎవరో నిలబడి ఉన్నారు. ఎలుగుమామ! పదవి పోయినా మనసు ఊరుకోక పొద్దుటినుంచీ అక్కడే తిరుగుతోంది. దాని ఒంటిమీద రెండు గాట్లు పడ్డాయి గానీ ఒక్క దూడకూ దెబ్బ తగల్లేదు.

దున్నల కొమ్ములు చూడగానే కుక్కలు వెనక్కి తగ్గాయి. తగ్గి, ఏమవుతుందో చూద్దామని మంద వెనకే వచ్చిన నక్క మీదికి తిరిగాయి. "కనుమ ఖాళీ అన్నావు కదరా!" అంటూ వెంటపడ్డాయి. నక్క మళ్లీ ఆ అడవిలో కనబడలేదు.

సంగతంతా విని పులి తల వంచుకుంది. "తప్పయింది మామా. నీ పదవి నీదే."

"మంచిది మహారాజా. ఆ మాట మళ్లీ ఒక్కసారి చెప్పండి, కొండకొమ్ముకు వినబడేలా!"

చూసే కంటికీ పొడిచే కొమ్ముకూ మధ్య మాట చెడకుండా చేర్చేవాడుంటేనే రాజ్యం నిలుస్తుంది.