అంచున జానెడు గుడ్డ

ధరణికి కోపం దిగడం లేదు. పన్నెండు లక్షల మంది చూసిన వీడియో తప్పెలా చెప్తుంది అసలు.

ఎదురుగా దండెం మీద తన గుడ్డ వేలాడుతోంది. ఇరవై రెండు రోజుల పని. ఎరుపు నెమళ్ళ ఒంటి మీద మాత్రమే ఉండాలి. ఇప్పుడు గుడ్డంతా ఎర్రగానే ఉంది, నెమలేదో నేలేదో తెలీకుండా.

పోనీ మామూలు గుడ్డా అంటే అదీ కాదు. శ్రీకాళహస్తిలో సిద్ధయ్య గారి దగ్గర కలంకారీ నేర్చుకోవడానికి చేరి మూడేళ్ళయింది. మూడేళ్ళూ ఆయన గీసిన బొమ్మలకి రంగులు నింపడమే. ఇదొక్కటే మొత్తం తను గీసింది. బాగా వస్తే మూలన నీ పేరు రాసుకో అన్నాడాయన. ఏ మూలో కూడా చూసి పెట్టుకుంది.

ఎరుపు కావాల్సిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు అంటుకుంటుంది. అది ఆరాక గుడ్డని పారే నీళ్ళలో ఉతకాలి. ఎక్కువైన పటికంతా కొట్టుకుపోవాలి. అప్పుడే ఎరుపు రంగిచ్చే మంజిష్ఠ వేరు వేసి ఉడకబెట్టడం. మామూలుగా అయితే నదికి పోతారు. ఎండాకాలం కదా, నదిలో ఇసకే. పారే నీళ్ళు కావాలంటే ఊరవతల కాలవకి ఆరు కిలోమీటర్లు మోపెడ్ మీద పోవాలి. ఆ ఎండలో ఎవరు పోతారని ధరణి ఫోన్ తీసి వెతికింది.

దొరికాడు ఒకాయన. గడ్డం నున్నగా దువ్వుకుని, వెనకాల పూలకుండీ పెట్టుకుని కూర్చున్నాడు. పారే నీళ్ళూ గీళ్ళూ అంతా పాతకాలం వాళ్ళ నమ్మకం, బకెట్లో గుప్పెడు ఉప్పేసి ముంచితే చాలన్నాడు. నవ్వుతూ చెప్పాడు పైగా. కింద అందరూ దండాలే దండాలు.

బకెట్లో ఊడిన పటిక ఎక్కడికి పోతుంది? అక్కడక్కడే తిరిగి గుడ్డంతా పట్టుకుంది. ఆ సంగతి ఉడకబెట్టాక తెలిసింది.

అప్పట్నుంచీ ఫోన్‌తో యుద్ధం. పెద్ద కామెంట్ రాస్తే నెట్ గుండ్రంగా తిరిగి తిరిగి మొత్తం మింగేసింది. మళ్ళీ రాసింది. పది నిమిషాల్లో వాడు తీసేశాడు. సరే ఫిర్యాదు చేద్దామని నొక్కితే, మీ అభిప్రాయం మాకు చాలా ముఖ్యం అని వచ్చింది. అభిప్రాయం కాదు, ఇక్కడ నా గుడ్డ పోయింది అని ధరణి ఫోన్‌ని తిట్టింది. వీధిలో పోయే ఆకుకూరలామె ఆగి మరీ చూసింది.

లోపల బొమ్మలు గీసే వెదురు కలానికి దారం చుట్టుకుంటున్న సిద్ధయ్య అంతా విన్నాడు. లేచి వచ్చాడు. ఎరుపు వైపు అసలు చూడలేదు. గుడ్డ కింది అంచు పైకెత్తి, బొటనవేలూ చిటికెనవేలూ చాపి కొలిచాడు. వదిలేసి లోపలికి పోయాడు. ధరణికి అది కూడా మండింది.

మర్నాడు పొద్దున ఆయన చిన్న గుడ్డొకటి ఇచ్చాడు. దాని మీద ఒక్క నెమలి గీసుంది.

"పాపా, పటిక నీళ్ళల్లో నాలుగు తుప్పు మేకులు వేసి ఉంచు. ఎరుపు చిక్కగా వస్తుంది."

ధరణి వేసింది. నెమలి మీద పూసింది, ఆరబెట్టింది. ఈసారి కాలవకే పోయింది, దారి పొడుగునా ఆ గడ్డం వాడిని తిట్టుకుంటూ. మధ్యాహ్నం ఎండలో ఉతికి తెచ్చి మంజిష్ఠలో వేసి ఉడకబెట్టింది.

కర్రతో పైకి తీసి చూస్తే నెమలి మాడిన వంకాయలా ఉంది.

తడి గుడ్డ నీళ్ళు కారుతుండగానే పట్టుకుని లోపలికి పోయింది.

"మీరే కదా మేకులు వెయ్యమన్నారు."

"అన్నాను."

"వేస్తే ఎరుపు చస్తుందని మీకు తెలీదా?"

"నలభై ఏళ్ళుగా తెలుసు."

ధరణికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఏడుపుతో కాదు, ఉక్రోషంతో. మూడేళ్ళుగా ఆయన చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎప్పుడైనా ఎదురు చెప్పిందా?

"ఇంక ఆ వీడియో వాడికీ మీకూ తేడా ఏంటి, గురువుగారూ?"

సిద్ధయ్య పక్కన పడున్న ఆమె ఫోన్ తీసి చేతికిచ్చాడు.

"అది కూడా రాయి. కింద నా పేరు పెట్టు."

తర్వాత ఆ చిన్న గుడ్డ తీసుకుని, అంచు మీద చెయ్యి చాపి కొలిచాడు. నిన్నటిలాగే. జానెడు, ఒక్క దారం తగ్గకుండా.

ఆ ఇంట్లో ఏ గుడ్డ కోసినా అంచున జానెడు ఖాళీగా వదులుతారు. ఏ రంగైనా, ఏ కొత్త పద్ధతైనా ముందు అందులోంచి ఒక ముక్క కత్తిరించి, పూసి, ఉతికి, ఉడకబెట్టి చూస్తారు. అది నిలిస్తేనే అసలు గుడ్డ ముట్టుకుంటారు. చేరిన మొదటి రోజు ఎవరికైనా నేర్పేది అదొక్కటే. ధరణికీ నేర్పారు.

ఫోన్ చేతిలో ఉంది. ధరణి ఏమీ రాయలేదు.

తెల్లారి సిద్ధయ్య ఇంకో గుడ్డ పరిచాడు, ఈసారి పెద్దది. పక్కన పటిక నీళ్ళ గిన్నె పెట్టాడు. మేకుల్లేవు పాపా, ఉత్త పటికే, ధైర్యంగా పూసెయ్ అన్నాడు.

ధరణి తలూపింది. కత్తెర తీసుకుని అంచు నుంచి వేలెడు ముక్క కత్తిరించింది. దాని మీద ఒక్క గీత పూసి దండెం మీద వేసింది.

సిద్ధయ్య కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఆరనివ్వండి," అంది ధరణి మోపెడ్ తాళం తీసుకుంటూ. "కాలవకి పోయొచ్చి చెప్తా."