ముఖం కనిపించే నీళ్లు

సముద్రం హోరు వినిపించేంత దగ్గరలో అనగనగా ఒక అడవి. ఆ అడవి జంతువులకు ఒక కట్టుబాటు ఉండేది. వంగి చూస్తే ముఖం కనిపించాలి, అప్పుడే ఆ నీళ్లు తాగాలి. తప్పితే వెలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ముసలి దుప్పి పెద్దయ్య మాత్రం దాన్ని కంటికి రెప్పలా కాపాడేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. చివరికి రెండే మడుగులు మిగిలాయి. ఒకటి ఎర్రమట్టి మడుగు. అందులో ముఖం కాదు కదా, ముక్కు కూడా కనిపించదు. రెండోదానిలో అడుగున గులకరాళ్లు కూడా తేటగా కనిపించేవి. ఒకప్పుడు తుఫానుకి సముద్రం పొంగి అందులో కలిసిన సంగతి జంతువులన్నీ మరిచిపోయాయి. కాస్త ఉప్పగా ఉంటే, రుచిగా ఉందిలే అని తాగాయి.

పైడమ్మ అనే కొండముచ్చు కూడా పసిబిడ్డతో అక్కడికే వచ్చేది. ఎంత తాగినా బిడ్డకి దాహం తీరడం లేదు. పెదవులు పగిలాయి. రాను రాను తల్లి పొట్టని పట్టుకునే పట్టు కూడా సడలింది. పైడమ్మకి గుండె జారిపోయింది. ఇంత తేట నీళ్లలో ఏముందని పెద్దయ్యని అడిగింది.

"ఏమైనా ఉంటే కనిపించదా, పిచ్చిదానా?" అంది పెద్దయ్య.

ఆ మాట పైడమ్మకి మింగుడు పడలేదు. ముందుగా ఆ నీళ్లని రాతి గుంటలో పోసి కదపకుండా ఉంచింది. అడుక్కి ఏమీ దిగలేదు. తర్వాత ఇసుకలోంచి వడకట్టింది. రుచి మారలేదు. మూడోసారి పలకరాయి మీద పలచగా పోసి ఎండలో వదిలేసింది. నీళ్లు ఆరిపోయాయి. రాయి మీద తెల్లటి పొర మిగిలింది. నాకి చూస్తే ఒట్టి ఉప్పు.

అప్పుడు అర్థమైంది. ఎండకి మడుగులో నీళ్లు తగ్గుతున్నాయి, ఉప్పు మాత్రం అంతా అందులోనే ఉంటోంది. అందుకే ఆ నీళ్లు రోజురోజుకీ ఉప్పెక్కుతున్నాయి.

పైడమ్మ బిడ్డని చంకనేసుకుని ఎర్రమట్టి మడుగు వైపు నడిచింది. వెలి వేస్తామని పెద్దయ్య దారికి అడ్డం నిలిచింది.

"వేసుకోండి పెద్దయ్యా. బిడ్డ బతికితే ఏ అడవైనా నాకు అడవే," అని పక్కనుంచి వెళ్లిపోయింది.

ఆ మట్టినీళ్లని రాతి గుంటలో పోసి, మట్టిని అడుక్కి దింపే చిల్లగింజ అరగదీసి కలిపింది. మట్టి మెల్లగా అడుక్కి దిగింది. పై తేట దోసిట్లో తీసి బిడ్డకి పట్టింది. బిడ్డ గుటకలు వేసింది. ఇంకా కావాలని తల్లి చెయ్యి లాగింది. పైడమ్మ ఏడ్చేసింది.

ఇది చూసి జంతువులన్నీ ఒక్కొక్కటిగా అక్కడికి చేరాయి. పెద్దయ్య ఒక్కటే తేట మడుగు దగ్గర మొండిగా ఉండిపోయింది. చివరికి నాలుక పిడచకట్టి, కాళ్లు తడబడుతూ వచ్చింది. పైడమ్మ ఒక్క మాట దెప్పకుండా నీళ్లు పట్టింది.

తాగాక పెద్దయ్య తల వంచుకుని, "అంత ఉప్పు మన కళ్లబడకుండా ఎక్కడ దాక్కుందే?" అని అడిగింది.

"దాక్కోలేదు పెద్దయ్యా, కరిగింది. మనం ఓపిక పడితే మట్టి దిగిపోతుంది. కరిగింది దిగదు," అంది పైడమ్మ.

నీతి: కంటికి తేటగా ఉన్నదల్లా మంచిదని నమ్మకూడదు, పరీక్షించి తెలుసుకోవాలి.