జుంటి ఊపిరి

అనగనగా ఒక అడవిలో, వానమబ్బులు వచ్చి నడుం వాల్చే నల్లకొండ ఒకటి ఉండేది. ఆ కొండ మీద పులులు లేవు, ఏనుగులు లేవు. ఉన్నవన్నీ ఎలుగుబంట్లే. అయినా అడవిలో ఎవరిని అడిగినా, "నల్లకొండ వాళ్ళా? వాళ్ళ సంగతే వేరు" అనేవాళ్ళు.

ఎందుకో చెప్తాను, వినండి. ఎలుగుబంటికి పులికున్నంత పరుగు లేదు. ఏనుగుకున్నంత ఒళ్ళు లేదు. దానికి ఉన్న ఆస్తి అంతా ఊపిరే. ముందు చెదలపుట్టను గోళ్ళతో తవ్వుతుంది. మూతి పెట్టి ఉఫ్ఫుమని ఊదుతుంది. దుమ్మంతా ఎగిరిపోతుంది. ఆ తర్వాత పెదాలు గుండ్రంగా చుట్టి, గుండెల నిండా బలం తెచ్చుకుని లోపలికి పీలుస్తుంది. ఎలుగుబంటికి పైవరసలో ముందు రెండు పళ్ళు ఉండవు. ఆ సందులోంచి చెదలు జరజరా నోట్లోకి వచ్చి పడతాయి. అప్పుడు వచ్చే చప్పుడు మామూలుగా ఉండదు. భుర్రుమని లోయ దాటి ఎదుటి కొండకు వినిపిస్తుంది.

అందుకే నల్లకొండ మీద ఒక ఆచారం ఉంది. తొలకరి వానకు పుట్టలు మెత్తబడిన రోజున 'తొలి ఊదు' జరుగుతుంది. ఆ ఏటి పిల్లలు ఒక్కొక్కరే ముందుకు రావాలి. ఎవరి సాయమూ లేకుండా పుట్ట తవ్వి, ఊది, పీల్చాలి. ఆ చప్పుడు విని ఎదుటి కొండ మీది ఎలుగులు బదులు పలకాలి. బదులు వస్తే ఆ పిల్ల పెద్దదైనట్టే. అమ్మ వీపు దిగి అమ్మ పక్కన దర్జాగా నడవొచ్చు. బదులు రాకపోతే మళ్ళీ తొలకరి దాకా నలుగురిలోకి వెళ్ళేటప్పుడల్లా అమ్మ వీపు మీద చంటిపిల్లలా ఊరేగాల్సిందే.

ఆ కొండ మీద ఇప్ప అనే తల్లి ఎలుగు ఉండేది. ఇప్పకు కూతురు జుంటి, కొడుకు పరికి. ఇద్దరూ కవలలే. కానీ ఊపిరి విషయంలో జుంటికి సాటి ఎవరూ లేరు. కళ్ళు తెరిచిన కొత్తలోనే అది ఉఫ్ఫంటే గుహలో ఎండుటాకులన్నీ గడప దాటేవి. ఇప్ప ఆ ముచ్చట కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేది. చెప్పిందే మళ్ళీ చెప్పేది.

"చూస్తూ ఉండండి, నా కూతురు పీలిస్తే ఎదుటి కొండ మీద నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు" అనేది.

జుంటి ఆ మాట వినీ వినీ మురిసిపోయేది. తొలి ఊదు రోజున అమ్మ వీపు దిగి, అందరూ చూస్తుండగా తలెత్తుకుని నడవాలి. దానికి ఉన్న కోరికల్లా అదొక్కటే.

రోజూ పొద్దున్నే ఇప్ప పిల్లలిద్దర్నీ లేపేది. పాత పుట్టల మీద తవ్వించేది, ఊదించేది. తర్వాత తునికిపండ్లు ఏరుకోవాలి. చెట్టెక్కి తేనెపట్టు దించాలి. ప్రతి ముద్దకూ ఓ పని ఉండేది. పని అయ్యేసరికి ఆకలి దంచేసేది. ఆ ఆకలికి ఏది తిన్నా అమృతంలా ఉండేది.

ఇలా ఉండగా ఓరోజు వాగు దగ్గర జుంటికి ఒక కోతి ఎదురైంది. ఘాట్ రోడ్డు మలుపులో కాపురం ఉండే కోతి అది. ఎప్పుడు చూసినా చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటుంది కాబట్టి అడవంతా అతన్ని కవరయ్య అని పిలిచేది.

"ఏం కోడలా, గోళ్ళ నిండా ఆ మట్టేంటి?" అన్నాడు కవరయ్య.

"పుట్ట తవ్వాను మామా."

"పిడికెడు చెదల కోసం పుట్టంతా తవ్వడమా? అయ్యో పిచ్చితల్లీ. ఇదిగో, ఇది తిను. తవ్వక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. నమలక్కర్లేదు కూడా."

కవరులో ఎర్రగా, నూనె కారుతూ నూడుల్స్ ఉన్నాయి. రోడ్డు మలుపులో కొత్తగా వెలిసిన ఫాస్ట్‌ఫుడ్ బండి వెనక పారేసినవి. జుంటి ఒక పోగు నోట్లో పెట్టుకుని పీల్చింది. జర్రున జారిపోయింది. ఉప్పు, కారం, పులుపు అన్నీ ఒక్కసారే నాలుక మీద చిందులేశాయి. జుంటి కవరు కూడా నాకేసింది.

మర్నాడు కవరయ్య పిలవకుండానే అది బండి వెనక్కి వెళ్ళింది. ఈసారి మంచూరియా ముక్కలు దొరికాయి. సగం తాగి వదిలేసిన కూల్‌డ్రింకు సీసా కూడా దొరికింది. ఆ మర్నాడు చిప్స్ ప్యాకెట్లు. ఇంకేముంది, పొద్దున్నే అమ్మ లేపకముందే లేచి మాయమైపోవడం మొదలుపెట్టింది.

'మరి సాధన మాటేమిటి?' అని దాని మనసు ఒకసారి అడగకపోలేదు. కానీ జుంటి దగ్గర జవాబు తయారుగా ఉంది. 'అమ్మ చేయించేదీ పీల్చడమే, నూడుల్స్ తినేటప్పుడు నేను చేస్తున్నదీ పీల్చడమే. ఇదీ సాధనేగా' అనుకుంది. ఇలాంటి తెలివి ఎలుగుబంటి పిల్లకు తప్ప ఇంకెవరికి వస్తుంది చెప్పండి? చెదల్ని పుట్టలోంచి లాగాలంటే గుండెల్లో బలం ఉండాలి. నూనెలో నానిన నూడుల్స్ మనం పీల్చకపోయినా వాటంతట అవే జారిపోతాయి. ఈ తేడా దానికి తట్టలేదు.

ఒక సాయంత్రం ఇప్ప తునికిపండ్లు తెచ్చి పెట్టింది. జుంటి ఒకటి కొరికి పక్కన పెట్టేసింది.

"చప్పగా ఉన్నాయమ్మా."

"నిన్నటి దాకా పోట్లాడి తిన్నావు కదే" అంది ఇప్ప. కూతురి చెయ్యి పట్టుకుని చూసింది. "గోళ్ళ సందుల్లో మట్టి లేదేం?"

"వాగులో కడుక్కున్నాను."

ఇప్ప ఆ చెయ్యి మెల్లగా వదిలేసింది. ఆ రాత్రి జుంటికి కడుపులో నొప్పి మెలిపెట్టింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరలేదు. నాలుగు రోజులు పోయేసరికి నిగనిగలాడే బొచ్చు పీచులా అయింది. కొండెక్కుతుంటే పరికి ముందు వెళ్ళిపోతున్నాడు. వెనక జుంటి రాయి మీద కూలబడి రొప్పుతోంది. అయినా దానికి ధీమా తగ్గలేదు. నల్లకొండ మీద అందరికంటే పెద్ద ఊపిరి తనదేనని అమ్మే చెప్పింది కదా మరి.

తొలకరి వచ్చింది. పుట్టలు మెత్తబడ్డాయి. ఎలుగులన్నీ కొండ కొమ్మున చేరాయి. అందరిలోకీ పెద్దదైన రేలవ్వ బండ మీద కూర్చుంది. ముందు పరికి వంతు వచ్చింది. వాడిది ఏమంత పెద్ద ఊపిరి కాదు. కానీ ఒక్క పొద్దు కూడా తప్పకుండా తవ్వినవాడు. తవ్వాడు, ఊదాడు, పీల్చాడు. భుర్రుమంది. ఎదుటి కొండ నుంచి బదులు వచ్చింది. పరికి సిగ్గుపడుతూ వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడు చూడండి" అంది ఇప్ప చుట్టుపక్కల వాళ్ళతో. "నా జుంటి వస్తోంది."

జుంటి పుట్ట మీద చెయ్యి వేసింది. గోళ్ళు పట్టు దొరక్క జారాయి. ఎలాగో మళ్ళీ మళ్ళీ గీకి చిన్న కంత చేసింది. మూతి పెట్టి ఊదింది. ఊపిరి చాలక దుమ్ము వెనక్కి తిరిగి దాని కళ్ళలోనే పడింది. దగ్గు వచ్చింది. దగ్గు ఆపుకుని, పెదాలు చుట్టి, ఉన్న బలమంతా పెట్టి పీల్చింది.

సుయ్‌మంది. అంతే.

అందరూ లోయవైపు చెవులు పెట్టారు. ఎదుటి కొండ పలకలేదు. ఎంతసేపు చూసినా పలకలేదు. జుంటికి అమ్మ ముఖం చూడాలంటే భయం వేసింది. చూసింది. ఇప్ప తల దించుకుని ఉంది. అంత మంది ముందు తన తల్లి తల దించుకోవడం జుంటి ఎప్పుడూ చూడలేదు. 

తమాషా చూడ్డానికి వచ్చిన కవరయ్య పైన కొమ్మ మీద నుంచి మెల్లగా అన్నాడు. "కోడలా, ఇంకోసారి చేస్తానని చెప్పు. అందరూ లోయవైపు చూస్తున్నప్పుడు మీ అమ్మని పుట్ట వెనక కూర్చోబెట్టు. పీల్చేది ఆమె, పేరు నీది. అవతలి కొండ వాళ్ళు వచ్చి చూస్తారా ఏంటి?"

అలా చేస్తే ఆ రోజే అమ్మ వీపు దిగొచ్చు. అందరూ సెబాసంటారు. జుంటి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత రేలవ్వ ముందుకు వెళ్ళి నిలబడింది.

"అవ్వా, తప్పు నాది. మా అమ్మ నేర్పకపోవడం కాదు. నేనే రోజూ రోడ్డు మలుపుకి పోయి నూడుల్స్, చిప్స్ తిన్నాను. తవ్వడం మానేశాను. గోళ్ళు వాగులో కడుక్కున్నానని అమ్మకు అబద్ధం చెప్పాను" అంది.

కొందరు పిల్లలు కిసుక్కున నవ్వారు. రేలవ్వ నవ్వలేదు.

"ఓడిపోయిన పిల్లలు చాలామంది ఈ బండ ముందు నిలబడ్డారు" అంది రేలవ్వ. "పుట్ట గట్టిదన్నారు, గాలి ఎదురొచ్చిందన్నారు. తప్పు తమదేనని తమ నోటితో చెప్పినవాళ్ళకు మా తాతల నాటి నుంచి ఇంకో అవకాశం ఉంది. వానలు వెళ్ళి, పుట్టమన్ను ఎండే నాటికి మళ్ళీ రా. కానీ అప్పటికి మన్ను గట్టిపడుతుంది. దానికి ఇంతకు రెండింతల ఊపిరి కావాలి. చాతనవుతుందా?"

"నేర్చుకుంటాను అవ్వా."

ఇప్ప తలెత్తింది. కూతురు ఓడిన సంగతి అప్పటికే సగం మర్చిపోయింది. నిజం చెప్పిన సంగతే దానికి గుర్తుంది.

"పొద్దున్నే లేపుతాను. లేస్తావుగా?" అంది.

"లేస్తానమ్మా."

చెప్పడం తేలికే. చెయ్యడమే కష్టం. మొదటి రోజుల్లో జుంటికి అడవిలో ఏది తిన్నా గడ్డి తిన్నట్టే ఉండేది. సాయంత్రమైతే చాలు, రోడ్డు మలుపు నుంచి నూనె వాసన గాలిలో కొండెక్కి వచ్చేది. జుంటి నోరూరేది. ఒకసారి కాళ్ళు వాటంతట అవే వాగు దాకా నడిచాయి. అక్కడ అది ఆగింది. నీళ్ళలో మూతి ముంచి, కడుపు నిండా తాగి వెనక్కి వచ్చేసింది. వస్తూ వస్తూ దారిలో కనిపించిన పుట్టనల్లా తవ్వింది.

ఒకరోజు కవరయ్యే కవరు పట్టుకుని వచ్చాడు.

"అలిగావా కోడలా? ఇదిగో, నీకోసం వేడివేడివి పట్టుకొచ్చాను."

"వద్దు మామా" అంది జుంటి. "అది తిన్నప్పుడు నా నాలుక సంతోషపడింది. నా గుండెలు మాత్రం ఏడ్చాయి. నాకు గుండెలతో పనుంది."

"ఒక్కసారికి ఏమవుతుందే?"

"మొదటిసారి కూడా ఒక్కసారే కదా మామా."

కవరయ్య కవరు ముడి వేసుకున్నాడు. పక్కనున్న చెట్టెక్కి పోదామనుకున్నాడు. సగం ఎక్కి ఆయాసం వచ్చి, కొమ్మ పట్టుకుని కాసేపు అక్కడే ఉండిపోయాడు. జుంటి అది చూసి నవ్వలేదు. దానికి జాలేసింది.

వానలు కురిశాయి. మేడిచెట్లు కాశాయి. ఒక పొద్దున తవ్వి తవ్వి అలిసిపోయి జుంటి ఓ మేడిపండు కొరికింది. అంతలో ఆగి, ఆ పండువంక వింతగా చూసింది. తియ్యగా ఉంది. ఎన్నాళ్ళకో నాలుకకు అసలు తీపి అందింది. ఆ రోజు చెట్టు కింద ఒక్క పండు మిగల్లేదు. పరికి వచ్చి నా వాటా ఏదని గొడవపడితే ఇప్ప ఇద్దర్నీ చూసి కడుపారా నవ్వుకుంది. మెల్లగా బొచ్చు మళ్ళీ నిగనిగలాడింది. కొండెక్కేటప్పుడు జుంటి రొప్పడం మానేసింది.

వానలు వెళ్ళాయి. ఎండలు కాశాయి. పుట్టమన్ను రాయిలా అయింది. ఎలుగులన్నీ మళ్ళీ కొండ కొమ్మున చేరాయి. ఈసారి ఇప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఊరికే నిలబడి చూస్తోంది.

జుంటి తవ్వింది. పెచ్చు రాలింది. ఇంకా తవ్వింది. గోటి చివర్లు అరిగాయి కానీ జారలేదు. మూతి పెట్టి ఉఫ్ఫుమని ఊదింది. ఎర్రదుమ్ము చెట్ల మీదుగా లేచి పోయింది. తర్వాత పెదాలు చుట్టి, పొద్దుపొద్దునా పోగేసుకున్న బలమంతా గుండెల్లోకి తెచ్చుకుని పీల్చింది.

భుర్‌ర్‌ర్రుమని కొండంతా అదిరింది. కొమ్మల మీది పిట్టలు లేచాయి. ఆ చప్పుడు లోయలోకి దిగి, వాగు దాటి, అవతలి కొండెక్కింది. ముందు ఒక ఎలుగు బదులు పలికింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఎన్ని పలికాయో ఎవరూ లెక్కపెట్టలేదు. రేలవ్వ బండ మీద నుంచి లేచి నిలబడింది. అది ఎవరి కోసమూ లేవగా ఎవరూ చూడలేదు.

అప్పుడు అవతలి కొండ నుంచి ఒక పెద్ద గొంతు అడిగింది.

"ఎవరిదమ్మా ఆ ఊపిరి?"

నా కూతురిదని చెప్పడానికి ఇప్ప నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. దాని కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"నిన్నే అడుగుతున్నారు. నువ్వే చెప్పుకో తల్లీ" అంది.

జుంటి కొండ అంచుకు వెళ్ళింది. తలెత్తి, లోయంతా వినిపించేలా చెప్పింది.

"నాది. నేను జుంటిని. నల్లకొండ ఇప్ప కూతుర్ని."

నీతి: నాలుకకు నచ్చిందల్లా తింటే ఒంట్లో బలం పోతుంది. మంచి తిండి తిని, ఒళ్ళు వంచి పెంచుకున్న బలమే మనల్ని, మన అమ్మానాన్నల్ని తలెత్తుకునేలా చేస్తుంది.