పలకరాయి కింది మరిది

అంకమ్మ పెరట్లో మిరప నారుమడి ఉంది. మడి గట్టున ఒక పలకరాయి, దాని పక్కన ఆముదం చెట్టు, చెట్టు నీడన బోర్లించిన వెదురు గంప. ఆ గంప కింద ఎర్రపెట్ట ఖైదులో ఉంది.

ఖైదుకు కారణం నారు. కొన్నాళ్లుగా పొద్దున్నే లేచి చూస్తే లేత మొక్కలు మొదలు దగ్గర తెగి పడి ఉంటున్నాయి. పెరట్లో మట్టి గీకే అలవాటు ఎర్రపెట్టకే ఉంది కాబట్టి అంకమ్మ ఇంకెవరినీ అనుమానించలేదు. ఆదివారం కూర నువ్వేనని మొహం మీదే చెప్పి గంప మూసేసింది. నేను గీకేది గట్టు మీద చీమల కోసమమ్మా అని పెట్ట గొంతు చించుకుంది గానీ, అంకమ్మకు కోడిభాష రాదు.

అప్పుడొచ్చింది లద్దెపురుగు. బాగా తిని పెరిగిన ఒళ్లు, నున్నటి మాట. పెట్ట ముక్కు అందనంత దూరంలో ఆగి, ముందు పెట్ట కష్టానికి బాధపడింది. తను ఆముదం ఆకు తప్ప ఇంకోటి ముట్టనని చెప్పుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"నారు కొరికేది ఆ పలకరాయి కింద ఉండేవాడు పిన్నీ. పగలంతా పడుకుంటాడు. రాత్రి దొంగపని లేనివాడు పగలెందుకు పడుకుంటాడు, నువ్వే చెప్పు."

పెట్టకు ఈ మాట బాగా తలకెక్కింది. పొద్దుగూకితే కునికి, తెల్లారితే లేచే జాతి కదా, పగలు పడుకునేవాళ్లంతా దానికి దొంగల్లాగే కనిపిస్తారు. పైగా వాడికి వీపు మీద రెక్కలున్నా ఎగరడని, ఎగిరితే దొరికిపోతానని భయమని లద్దెపురుగు ఇంకో ముక్క కలిపింది. రెక్కలుండీ గోడ దాటలేని పెట్ట కనీసం అక్కడైనా ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

ఇంతకీ రాయి కింద ఉన్నది ఆరుచుక్కల నేలపురుగు. నల్లటి ఒళ్లు, వీపు మీద ఆరు తెల్లచుక్కలు. రెక్కల్లా కనిపించే వీపు చిప్పలు రెండూ అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి పాపం ఎగరలేదు. బదులుగా పొడుగు కాళ్లున్నాయి, పరుగెత్తుతుంది. చీకటి పడ్డాక నారుమడంతా తిరిగి లద్దెపురుగుల్ని వేటాడుతుంది. ఆకును నోట కూడా పెట్టదు. చేసిన పని చెప్పుకోవడం రాని మంచివాళ్లలో అదొకటి, నాకు అదంటే ఇష్టం. లద్దెపురుగుకు మాత్రం అదంటే ప్రాణభయం. కోడిముక్కుతో దాని పీడ వదిలించుకోవాలని ఈ ఎత్తు వేసింది.

కాసేపటికి అంకమ్మ నూకలు వేద్దామని గంప ఎత్తింది. పెట్ట సందులోంచి దూసుకెళ్లి రాయి అంచున మట్టి గీకడం మొదలుపెట్టింది. నిద్రమొహంతో నేలపురుగు సగం బయటికొచ్చింది.

"వదినా, కాస్త దూరంగా ఉండు. నన్ను పొడిస్తే నీ కళ్లే మండుతాయి. ముందే చెప్తున్నా."

"నారు తినేవాడికి నేను వదిననా?" అని పెట్ట ఒక్క పోటు పొడిచింది.

నేలపురుగు వెనక భాగం పైకెత్తి రసం చిమ్మింది. పుల్లటి ఘాటు. మిరపకాయలు దంచిన చేత్తో కళ్లు నలుపుకున్నట్టయింది పెట్టకు. కళ్లు మూసుకుని, మెత్తటి తడిమట్టి ఎక్కడుంటే అక్కడ ముక్కు రుద్దుకోవాలని పరుగెత్తింది. అప్పుడే నీళ్లు పెట్టిన నారుమడి తప్ప పెరట్లో తడిమట్టి ఇంకెక్కడుంది? అందులోకే వెళ్లి ముక్కు అటూ ఇటూ రాసింది.

అంకమ్మ కర్ర పట్టుకుని వెనకే వచ్చి, అక్కడే ఆగిపోయింది. పెట్ట రుద్దిన చోట మట్టి విడిపోయి, తెగిన మొక్క మొదట్లో ఆ లద్దెపురుగే చుట్టచుట్టుకుని పడుకుని ఉంది. నోటి దగ్గర మిరపాకు ముక్క ఇంకా అలాగే ఉంది. అంకమ్మ కర్రతో పక్క మొక్కల కింద కదిపి చూస్తే అక్కడా ఇదే సంత.

లద్దెపురుగు తడబడింది. ఆముదం చెట్టు మీదినుంచి ఇప్పుడే జారిపడ్డానంది. పెట్ట ఒక కన్ను కష్టం మీద తెరిచింది.

"మరి పగటిపూట ఇక్కడ పడుకున్నావేం నాయనా? రాత్రి దొంగపని లేనివాడు పగలెందుకు పడుకుంటాడు?"

జవాబు వినకుండానే మింగేసింది.

ఆ ఆదివారం అంకమ్మ ఇంట్లో దోసకాయ పప్పు. పెట్టకు మాత్రం సిగ్గు చాలా రోజులు పోలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే రాయి దగ్గరికి వెళ్లి మెల్లగా పిలుస్తుంది.

"మరిదీ, పడుకున్నావా?"

"పడుకోనిస్తేగా వదినా," అంటుంది లోపలి నుంచి గొంతు. పెట్ట నవ్వుకుని, ఆ రాయి పక్కన అరవొద్దని, కొత్తగా పొదిగిన తన పిల్లల్ని అవతలికి తోలుకుపోతుంది.

నీతి: దొంగను పట్టాలంటే ఎవరెప్పుడు పడుకుంటున్నారో కాదు, ఎవరి నోట్లో ఏముందో చూడాలి.