కామిశెట్టి తాటాకు

రాజులు మారినా రేవు మారని ఒక ఊళ్లో కామిశెట్టి పెద్ద వర్తకుడు. అక్కడి పడవలన్నీ నూకాలు నడిపే జట్టువి. రెండు వ్యాపారాలూ ఒకటి చేద్దామని శెట్టిగారే తాటాకు రాయించారు. “కుదిరితే కలుద్దాం, అందాకా ఎవరికీ కట్టుబాటు లేదు” అని అందులో ఉంది.

వారం తిరక్కుండానే శెట్టిగారి మనుషులు పడవలకు గొలుసులు వేశారు. “తాటాకు రాసుకున్నాక బయటివాళ్ల సరుకు ఎలా ఎక్కిస్తారు?” అన్నారు. శెట్టిగారు మాత్రం పై రేవు పడవలవాళ్లతో బేరాలాడుతూనే ఉన్నారు.

నూకాలు వాదించలేదు. మర్నాడు పొద్దున్నే తన జట్టులోని నలభై కుటుంబాలను, మేకలతో సహా తీసుకొచ్చి, శెట్టిగారి లోగిట్లో పొయ్యిలు పెట్టించింది.

“ఇదేమిటే?” అన్నారు శెట్టిగారు.

“ఒకటైపోయాం కదా బాబూ. మీ గాదె మన గాదె. బియ్యం కొలిపించండి.”

రేవు జనమంతా గుమిగూడారు. శెట్టిగారు తాటాకు తెప్పించి తామే పైకి చదివారు. “ఎవరికీ కట్టుబాటు లేదని రాసి ఉందిగా. ఇది ఉత్త అనుకున్న మాటేగానీ ఒప్పందం కాదు.”

“అందరూ విన్నారుగా” అంది నూకాలు. పొయ్యి మీది కుండ దించి, తన వాళ్ల వైపు తిరిగింది.

“గొలుసులు విప్పండ్రా. పొద్దెక్కుతోంది, పై ఊరి ఉప్పు ఎక్కించాలి.”