ఓబులమ్మ కంచెలో సందు

ఊఁ కొట్టేవాళ్లు ముందుకు రండి. నిద్రపోయేవాళ్లు గోడవారకి జరగండి. ఊఁ వినపడకపోతే నాకు కథ సాగదు, ముందే చెప్తున్నా.

ఇది మా అవ్వకి వాళ్ల అవ్వ చెప్పిన మాట. ఆ అవ్వకి ఎవరు చెప్పారో నన్నడక్కండి. కొండ కింద ఒక పల్లె ఉండేదట. పల్లె అయిపోయి, చేలు కూడా అయిపోయి, ఇక కొండే మొదలవబోయేచోట ఒక గుడిసె. ఆ గుడిసెలో ఓబులమ్మ.

మొగుడు పోయాడు. పిల్లలు కలగలేదు. పొద్దున్నే కూలికి పోయేది, వచ్చాక పెరట్లో పాటుపడేది. పెరడంటే ఏం పెరడనుకున్నారు! గుడిసె మీద సొరపాదు, గుమ్మం ముందు చిక్కుడు పందిరి, వెనకాల జొన్న, జొన్న మధ్యలో కంది, కింద దోసతీగ. కాళ్లు కడుక్కున్న నీళ్లు కూడా పాదుకే పోసేది. చుట్టూ ముళ్లకంచె, అందరికీ ఉన్నట్టే.

కాకపోతే ఆ కంచెలో కొండవైపు ఒక సందు వదిలింది. కావాలనే వదిలింది. ఆ సందు పక్కనే మొదటి సాలు వేసి, కొండకేసి తిరిగి గట్టిగా చెప్పేది: "ఈ సాలు మీది. ఇది దాటి వచ్చారో, వీపులు పగిలిపోతాయి!"

వచ్చేవి. పొద్దున చిలకలు వచ్చేవి. మధ్యాహ్నం ఉడతలు వచ్చేవి. పొద్దు వాలాక ఎలుగ్గొడ్డు వచ్చేది. బాబోయ్, ఎలుగ్గొడ్డే! నా మీద ఒట్టు. దర్జాగా కూర్చుని దోసపళ్లు తినేది. ఓబులమ్మ చీపురుకట్ట పట్టుకుని ఎదురుగా నిలబడేది. "ఏవయ్యా ఎలుగన్నా, కొండ మీద తేనె అయిపోయిందా? తిన్నది చాలు, ఇంక బయల్దేరు" అనేది. అది తల ఊపుకుంటూ బయల్దేరేది! రెండో సాలు వంక చూసేది కూడా కాదు. చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు.

ఆమె పక్క చేను పెద్దకాపు చిన్నపయ్యది. వరసకి అల్లుడు. ఒకరోజు వచ్చాడు.

"అత్తా, కంచె వేసి సందు పెట్టడం ఎక్కడన్నా ఉందా? మృగాలకి అలవాటు చేస్తున్నావు. మూసెయ్యి."

"ఇంటికి గుమ్మం లేకపోతే చుట్టాలు గోడ దూకుతారు అల్లుడా. అప్పుడు నీ చేలో పడతాయి."

ఓబులమ్మ నవ్వింది. సందు మూయలేదు.

ఇంకోసారి పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "నీ నోటికాడ కూడు మృగాలకి పెడుతున్నావు. రేపు ముసలితనంలో ఎవరు చూస్తారు నిన్ను?" అన్నారు పెద్దమనుషులు.

"మీరు లేరూ!" అంది. ఓబులమ్మ నవ్వింది. సందు మూయలేదు.

మూడోసారి చిన్నపయ్యకి ఒళ్లు మండింది. బండెడు తుమ్మకంప తోలుకొచ్చాడు, తనే మూసేద్దామని. ఓబులమ్మ వెళ్లి సందులో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "వెయ్యి నాయనా. నా నెత్తిన వెయ్యి" అంది. చిన్నపయ్య కంప ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. చివరికి బండి తిప్పుకుని పోయాడు. ఓబులమ్మ నవ్వింది. సందు మూయలేదు.

ఊఁ కొడుతున్నారా? ఇప్పుడు అసలు సంగతి.

కరువు వచ్చింది. మొదటి ఏడు వాన మొహం చాటేసింది. గాదెల్లో గింజలు తిన్నారు. రెండో ఏడు కూడా అంతే. ఉన్న గొడ్లలో సగాన్ని అడివికి వదిలేశారు. మూడో ఏడు ఏం తిన్నారో తెలుసా? చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. విత్తనాలు తిన్నారు. బూడిద కలిపి, కుండలో పోసి, మూతికి పేడ మెత్తి దాచుకున్న విత్తనాలు. పిల్లలు ఏడుస్తుంటే ఏ తల్లి ఊరుకుంటుంది చెప్పండి? ఓబులమ్మ కూడా సొరబుర్రలో దాచిన గింజలన్నీ ఉడికించి, ఊళ్లో పిల్లలకే పోసింది.

ఇంక పల్లె మొత్తానికి విత్తనమన్నది లేదు. చుట్టుపక్కల ఊళ్లదీ అదే గతి. వాన పడినా విత్తడానికి లేదు. ఇంకెందుకు ఈ ఊరు, ఎటన్నా పోదాం అన్నారు. మూటలు కట్టారు.

ఆ కడుపుమంటలో చిన్నపయ్య ఓబులమ్మ గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఇన్నేళ్లూ ఎన్ని గింజలు ఆ మృగాల పాలు చేశావత్తా! తినేశాయి, పోయాయి. ఆ సాలు దాచుకుని ఉంటే ఇవాళ ఊరు నిలబడేది. ఊరిని నువ్వే ముంచావు" అన్నాడు.

అప్పుడు మాత్రం ఓబులమ్మ నవ్వలేదు. నిజమేనేమో అనుకుంది పాపం. ఒక్క మాటే అంది. "ఒక్క వాన చూసి పోండి అల్లుడా. తడిసిన ఊరిని చూసి పోండి."

ఆ మాటే చివరిది. మంచం పట్టింది, మళ్లీ లేవలేదు. ఊరిని ముంచావన్న మాట గుండెల్లో పెట్టుకునే పోయింది తల్లి.

చచ్చిన మనిషి కోరిక కదా, కాదనలేక ఆగారు. ఆగితే వాన పడింది! పడిందంటే అలా ఇలా కాదు, వాగులు పొంగాయి. జనం తడుస్తూ నవ్వారు, తడుస్తూ ఏడ్చారు. నేల నానింది, చేతిలో గింజ లేదు. మరో నాలుగు రోజులు చూసి, ఇంక లాభం లేదని బండ్లు కట్టారు.

చిన్నపయ్య బండి కడుతుంటే ఎద్దు పలుపు తెంపుకుంది. తెంపుకుని ఓబులమ్మ పెరట్లోంచి, ఆ సందులోంచి, కొండ మీదికి పరుగు తీసింది. చిన్నపయ్య కర్ర పట్టుకుని వెంటపడ్డాడు. బండరాళ్ల అవతల ఎద్దు తల వంచుకుని మేస్తోంది. కొడదామని కర్ర ఎత్తి, దాని నోట్లో ఉన్నదేమిటో చూశాడు.

జొన్న మొలక.

కర్ర జారిపోయింది. ఎద్దుని లాగి కట్టేసి చుట్టూ చూశాడు. చిలకలు వాలే చెట్టు కింద జొన్న మొలిచింది. ఎలుగు నడిచిన దారి పొడుగునా, దాని పేడ పడ్డ చోటల్లా దోస మొలిచింది. ఉడతలు పూడ్చుకుని మరిచిపోయిన చోటల్లా కంది మొలిచింది. ఓబులమ్మ గుడిసె దగ్గర మొదలై, కొండ నెత్తి దాకా, పచ్చగా ఒకటే దారి. మూడేళ్లు నేలలో పడుకున్న గింజలు ఒక్క వానకి లేచి నిలబడ్డాయి.

చిన్నపయ్య కేకకి ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే నిలబడిపోయారు. చంకల్లో పిల్లలు కూడా గుక్క ఆపి చూశారట. ఒక ముసలాయన చెప్పులు విప్పాడు. అది చూసి అందరూ విప్పారు.

"తినేశాయన్నాను కదర్రా," అన్నాడు చిన్నపయ్య. అంత మనిషీ ఆ మొలకల ముందు కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. "తినేశాయని ఆ తల్లి మొహాన అన్నాను కదర్రా. తినలేదు. దాచాయి. మనం మనకి దాచుకోలేకపోయాం, అవి మనకి దాచాయి."

బండ్లు విప్పేశారు. ఆకులూ దుంపలూ తిని ప్రాణాలు నిలుపుకున్నారు గానీ, కొండ మీద ఒక్క మొలక తుంచలేదు. వంతులేసుకుని సొంత గొడ్లు పడకుండా కాపలా కాశారు. కంకి గట్టిపడ్డాక చిలకలు వచ్చి వాలాయి. అలవాటు కొద్దీ చేతులు వడిసెలల మీదికి పోయాయి. పోయిన చేతులు అక్కడే ఆగిపోయాయి. చిలకలు తిని ఎగిరిపోయాకే కొడవలి పెట్టారు. ఆ గింజలే విత్తారు. ఆ గింజలకి పుట్టిన గింజలే ఈనాటికీ విత్తుతున్నారు. పల్లె నిలబడింది.

ఓబులమ్మకి గుడి లేదు, రాయి లేదు. గుడిసె ఎక్కడుండేదో కూడా ఇప్పుడెవరికీ తెలియదు.

పోయినేడు మా తమ్ముడి కూతుర్ని ఆ పల్లెకే ఇచ్చాం. పిల్ల ఎలా ఉందోనని చూడబోయాను. పొలం చూపిస్తామని తీసుకెళ్లారు. జొన్నచేను నిండా చిలకలు! "అయ్యో అయ్యో, పంటంతా తినేశాయి కదే!" అన్నాను. వియ్యంకుడూ వాళ్లూ తలలు వంచుకున్నారు. నిన్నగాక మొన్న కాపురానికి వెళ్లిన పిల్ల, గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఈ ఊళ్లో ఆ మాట అనకూడదు. దాచాయి అనాలి."