మందుల గుహకు పొలుసమ్మ కాపలా

అనగనగా ఒక అడవి. పిల్లలూ, అంత పెద్ద అడవికీ ఒక్కటే మందుల గుహ! చీమల్ని తిని బతికే పొలుసమ్మ అనే అలుగు దానికి కాపలా. ఒళ్ళంతా పొలుసులు, చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా చురుకు. వచ్చినవాళ్ళను గుమ్మంలో వాసన చూసేది. మన అడవివాళ్ళయితే "లోపలికి పో నాయనా" అనేది. లోపల ఎవరేం చేసినా అడిగేది కాదు.

ఒకరోజు కుందేలు "దుమ్ము పట్టాయి పాపం" అని ఎండు మందాకులన్నీ కడిగేసింది. అవి బూజు పట్టిపోయాయి. ఆ వారమే లేడి దగ్గుతో వచ్చి, మందు లేక వెనక్కి పోయింది. పొలుసమ్మ ఆ పూట ఒక్క చీమను కూడా ముట్టలేదు.

మర్నాడు అందరినీ పిలిచి చెప్పింది. "ఇకమీదట ప్రతి పనికీ అడుగుతాను. మందులు ఎవరైనా చూడొచ్చు. జబ్బున్నవాళ్ళే తీసుకోవాలి. కడగడం, పారేయడం వైద్యం తెలిసిన కొండముచ్చు అవ్వ ఒక్కతే చెయ్యాలి."

"మరి నువ్వో?" అంది కుందేలు.

"నాకు కాపలా తెలుసు గానీ వైద్యం తెలుసా? నేనూ పారేయకూడదు."

పొలుసమ్మకు ప్రాణస్నేహితుడు బురదప్ప అనే అడవిపంది. గుహ ఊడుస్తానని వచ్చాడు. మూలనున్న చెట్ల వేళ్ళ కుప్ప గుప్పున కంపు కొట్టింది.

"ఛీ, కుళ్ళిపోయింది! పారేస్తా."

"ఆగు బురదప్పా! ఆ పని నీది కాదు."

"ఇందాక గుమ్మంలో రానిచ్చావుగా!"

"రానిచ్చింది ఊడవడానికి."

"నన్నే అనుమానిస్తావా?"

"అనుమానం కాదయ్యా. అవేం వేళ్ళో నీకూ తెలీదు, నాకూ తెలీదు. అవ్వనడుగుదాం."

బురదప్ప చీపురు విసిరికొట్టి పోయాడు. మూడు రోజులు మాటల్లేవు. పొలుసమ్మకు ఏడుపొచ్చింది. అయినా అవ్వ వచ్చి చూసేదాకా అంటూ కుప్పను కదలనివ్వలేదు. అందుకే ఆవిడంటే నాకంత ఇష్టం.

నాలుగోరోజు బురదప్ప కూతురికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఏ మందుకూ తగ్గలేదు. అవ్వ చెయ్యి పెట్టి చూసింది.

"గుహలో కంపు కొట్టే వేళ్ళుంటాయి. ఇక అవే దిక్కు. ఈ వానల్లో కొత్తవి దొరకవు. పరుగెత్తు!"

బురదప్ప గుమ్మం దగ్గర తల ఎత్తలేకపోయాడు. "పొలుసమ్మా, తీసుకోవచ్చా?"

"బిడ్డకు జబ్బు చేస్తే నీకు కాక ఎవరికి? తీసుకో, తొందరగా పో!"

సాయంత్రానికి జ్వరం దిగింది. మర్నాడు బురదప్ప కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. "ఆ రోజు నువ్వు నా మాట విని ఉంటే ఈ పిల్ల నాకు దక్కేది కాదు. నీ మేలు మరిచిపోను తల్లీ" అన్నాడు.

"నా ముక్కు మూసుకునైనా ఆ వేళ్ళను కాచుకుంటానులే" అంది పొలుసమ్మ. ఇద్దరూ నవ్వారు. లేడి కూడా అక్కడే ఉంది. బూజు పట్టిన ఆ మందాకులు మళ్ళీ దొరకక, అది మాత్రం ఇంకా దగ్గుతూనే ఉంది.

నీతి: లోపలికి రానిచ్చినంత మాత్రాన ప్రతి పనికీ ఒప్పుకున్నట్టు కాదు. పని పనికీ ఆపి అడిగేవాళ్ళే మనకు మేలు చేసేవాళ్ళు.